ఆది జాకెట్టు లేదు, మనిషి బెంగళూరులో: ఫోన్లో కొలతలు తీయించి నాలుగు జాకెట్లు కుట్టిన కేసు

విజయనగరంలో గంటస్తంభం దగ్గర సందులో నాది లేడీస్ టైలరింగ్ షాపు. కొలతలు ఫోన్లో పంపిస్తాం కుట్టి ఉంచండి అనేవాళ్ళు ఈమధ్య బాగా ఎక్కువయ్యారు, పెళ్ళిళ్ళేమో ఇక్కడ, ఉద్యోగాలేమో బెంగళూరు హైదరాబాదుల్లో, మరి తప్పదు కదా. వాటిలో ఒక కేసు మొదట్నుంచి చివరిదాకా రాస్తున్నా, ఎందుకంటే సొంతంగా టేపు పెట్టుకుంటే ఏ కొలత ఎక్కడ తేడా కొడుతుందో దాదాపు అన్నీ ఈ ఒక్క అమ్మాయి పంపిన కాగితంలోనే కనబడ్డాయి.

అమ్మాయిది బొబ్బిలి, పెళ్ళయ్యాక బెంగళూరు. ఏడు నెలల బాబు, ఇంకా పాలిస్తోంది. తమ్ముడి పెళ్ళి విజయనగరంలో, సెలవు దొరక్క పెళ్ళికి రెండ్రోజుల ముందు గానీ దిగదు. రెండు కంచిపట్టు, ఒక ఉప్పాడ, పసుపు ఫంక్షన్‌కి ఒక కాటన్, మొత్తం నాలుగు జాకెట్లు. ముక్కలన్నీ వాళ్ళమ్మ తెచ్చి నా టేబుల్ మీద పెట్టేసింది, ఆది జాకెట్టు, అంటే కొలత కోసం ఇచ్చే సరిగ్గా పట్టే పాత జాకెట్టు, ఏదమ్మా అంటే "పాతవేవీ పట్టట్లేదట, నా ఒంటికే కొలిచి రెండించీలు కలిపీ అమ్మా, నా గుంట అచ్చం నాలాగే ఉంటాది" అంది. చాలామంది తల్లులు ఇదే మాట అంటారు, నవ్వుతూనే వద్దని చెప్తా. కాన్పు తర్వాత ఒళ్ళు మారడం అంటే అన్నివైపులా ఒకేలా రెండించీలు పెరగడం కాదు. చెస్ట్ పెరుగుద్ది, జబ్బలు పెరుగుతాయి, డాట్ పాయింటు (షేపు కోసం వేసే మడత కుట్లు, అంటే డాట్లు, చూపించే చెస్ట్ మొన) కిందకి దిగుద్ది, భుజం ఎముక మాత్రం పెళ్ళికి ముందు ఎంతుందో ఇప్పుడూ అంతే. పాత ఆదికి చుట్టూరా ఇంచి ఇంచి కలిపి కుట్టేస్తే చెస్ట్ దగ్గర సరిపోయినట్టే ఉండి భుజం జారిపోద్ది.

ఈ అమ్మాయికి అప్పటికే ఆ దెబ్బ తగిలింది. ఆన్‌లైన్‌లో ఎక్కడో కొలతలు టైప్ చేసి ఒక జాకెట్టు కుట్టించుకుందంట, చంకలో పట్టేస్తూ భుజం మీద మాత్రం జారిపోతూ వచ్చింది, వాళ్ళేమో మీరిచ్చిన నంబర్లకే కుట్టాం అన్నారు. అందుకే ఫోన్ చేయగానే "అక్కా, కొలతలు నేను కరెక్టుగానే పెట్టాను, వాళ్ళే పాడు చేశారు" అని మొదలెట్టింది. సరే పంపమ్మా చూద్దాం అన్నా.

వాట్సాప్‌లో వచ్చిన కాగితం ఇది: చెస్ట్ 37, నడుము 35, భుజం 16 అర, చంక రౌండు 14, చేతి పొడుగు 10, చెయ్యి లూజు (జబ్బ చుట్టుకొలత) 11 అర, జాకెట్టు పొడుగు 13 అర, ముందు మెడ 4, వెనక మెడ 9. డాట్ పాయింటు ఊసే లేదు.

ఇలాంటి కాగితం వస్తే నేను ఒక్కో నంబరు విడిగా చూడను, నంబర్లు ఒకదానితో ఒకటి పొత్తు కుదిరాయా లేదా చూస్తా. 37 చెస్ట్ ఉన్న మనిషికి భుజం 16 అరా? మా షాపులో ఆ సైజు వాళ్ళకి భుజం 14, 14 అర దగ్గర ఉంటది, 16 అర అంటే ఒక మాదిరి మగాళ్ళ చొక్కాకి కూడా చాలేంత. జబ్బ 11 అర ఉంటే చంక 14 ఎలాగవుద్ది, జబ్బ కొలతకి తక్కువలో తక్కువ నాలుగించీలు పైన ఉండాలి చంక. చెస్ట్‌కీ నడుముకీ రెండించీలే తేడా అంటే అది జాకెట్టు నడుము కాదు, బొడ్డు దగ్గర పొట్ట. ముందు మెడ 4 అంటే దాదాపు గొంతు దాకా మూసేసినట్టే, అడిగితే లేదక్కా మామూలు మెడే అంది. అంటే పావొంతు కొలతలు కూడా నమ్మేలా లేవు, కానీ ఆ అమ్మాయి అబద్ధం రాయలేదు, ప్రతి నంబరూ టేపు మీద నిజంగా చూసిందే. టేపు ఎక్కడ మొదలెట్టి ఎక్కడ ఆపిందీ అన్నదే గొడవ.

ముందుగా టేపునే అనుమానించా. నీ దగ్గరున్న టేపు ఎక్కడిదమ్మా అంటే ఎప్పుడో కుట్టు డబ్బాతో ఫ్రీగా వచ్చిందంది. ఆ ప్లాస్టిక్ టేపులు లాగి లాగి సాగిపోతాయి. ఏ4 పేపర్ ఒకటి తీసుకో, పొడుగు వైపు సెంటీమీటర్లలో కొలిచి చెప్పు అన్నా. ఏ4 పొడుగు ఎక్కడైనా 29.7 సెంటీమీటర్లే, ఇంట్లో స్కేలు లేకపోయినా పేపరు ఉంటది కదా. ఆమె టేపు 29.1 చూపించింది. ఇక్కడ చాలామంది తిరగేసి ఆలోచిస్తారు, టేపు సాగితే కొలత ఎక్కువ వస్తుందనుకుంటారు, కాదు, గీతలు దూరం జరిగిపోయి ఒంటి మీద కొలత తక్కువ చూపిస్తుంది. ఆ లెక్కన 37 అని రాసిన చెస్ట్ అసలు 37 ముప్పావు. ముప్పావు ఇంచి అంటే జాకెట్టులో హుక్కులు పెట్టడానికీ పెట్టలేకపోవడానికీ మధ్య తేడా. కొత్త గుడ్డ టేపు కొనమన్నా, కొన్న వెంటనే దాన్నీ పేపరు మీద పెట్టి చూడమన్నా. ఇంకోటి, కొన్ని టేపులకి చివర ఉండే రేకు కొలతలో కలిసి ఉంటది, కొన్నిటికి రేకు అయ్యాక సున్నా మొదలవుద్ది, అది కూడా చూసుకోవాలి.

తర్వాత ఆదివారం పొద్దున ఫోన్ స్పీకర్లో పెట్టి వాళ్ళాయన్ని పక్కన నిలబెట్టి మళ్ళీ మొదలెట్టాం. వీడియో కాల్ వద్దన్నా. ఇది గట్టిగానే చెప్తా, కొలతల కోసం ఒంటి ఫొటోలు, వీడియోలు పంపమని ఏ టైలరు అడిగినా పంపొద్దు, నేల మీద పరిచిన బట్ట మీద టేపు పెట్టి తీసిన ఫొటో చాలు మాకు, అంతకు మించి అవసరం రాదు.

పెళ్ళిలో జాకెట్టు లోపల ఏ బ్రా వేసుకుంటావో అదే వేసుకో, పైన పల్చటి బనీను తప్ప ఏమీ వద్దు అన్నా. ఆ తర్వాత ఒక లంగా నాడా తీసుకుని జాకెట్టు కింది అంచు ఎక్కడికి రావాలో అక్కడ, చెస్ట్ కింద, ఒంటి చుట్టూ కట్టుకోమన్నా. ఈ నాడా చాలా పని చేస్తది. సొంతంగా కొలుచుకునేవాళ్ళు టేపు మీద నంబరు చదవడానికి తల వంచుతారు, వంగగానే ముందు పొడుగు తగ్గిపోద్ది, వెనక పొడుగు పెరిగిపోద్ది. నాడా కడితే అది గుర్తులా ఉండిపోతది, పొడుగు కొలతలన్నీ దాని దగ్గర ఆపొచ్చు, అద్దంలో పక్కకి తిరిగి చూస్తే వెనకాల నాడా దిగిందా సమంగా ఉందా కూడా తెలిసిపోద్ది. భుజం మీద మెడ పక్క నుంచి చెస్ట్ మీదుగా నాడా దాకా 15 వచ్చింది. ముందు పంపిన 13 అర వెనక వైపు కొలిచిందట. చెస్ట్ ఎత్తు ఎక్కే దూరం ముందువైపు ఉంటది కాబట్టి వెనక కొలతకి ముందు భాగం కట్ చేస్తే జాకెట్టు ముందుకి లేచిపోయి చీర కుచ్చిళ్ళ పైన గ్యాప్ వచ్చేస్తది. నాడా దగ్గర రౌండు 32 అర. 35 కాదు. ఆ 35 పెట్టి కుట్టుంటే కింద పట్టీ గొడుగులా తెరుచుకుని ఉండేది.

చెస్ట్ దగ్గర కాసేపు ఆగాం. పాలిచ్చే తల్లికి చెస్ట్ ఒకటే నంబరు ఉండదు, బాబుకి పట్టకముందు ఒకటి, పట్టాక ఒకటి. రెండూ కొలిచి పంపమంటే పట్టకముందు 39, పట్టాక 38. పెద్దదానికే కుట్టాలి, ఎందుకంటే ముహూర్తం రాత్రి పూట, పీటల దగ్గర కూర్చుంటే గంటలు గంటలు పిల్లాడు వాళ్ళమ్మమ్మ దగ్గరే ఉంటాడు, అప్పుడు ఒంటికి పట్టేస్తే హుక్కు తెగడమే. నా పద్ధతిలో ఒంటి కొలత చెస్ట్ మీద బిగువు లేకుండా ఒక వేలు పట్టేలా తీయమంటా, లూజు నేనే కలుపుకుంటా. ఈ ఒక్క విషయం ముందే తేల్చుకోకపోతే రెండుసార్లు లూజు కలిసిపోద్ది, కస్టమరు ఒకసారి, టైలరు ఒకసారి. అందుకే నంబరు పక్కన 'ఒంటి కొలత' అనో 'జాకెట్టు కొలత' అనో రాయించుకుంటా. ఈమెకి 39 ఒంటి కొలత, కుట్టి రెడీ అయిన జాకెట్టు కొలత 40 పెట్టా.

వెనక హుక్కులు, వీపు మీద దోరీలు, గుత్తులు కావాలని ముచ్చటపడింది. పాలిచ్చే పిల్లకి వెనక హుక్కులు నేను పెట్టనమ్మా అని చెప్పేశా. పట్టుచీర కట్టుకుని పెళ్ళి హాల్లో ప్రతిసారీ ఎవరో ఒకరొచ్చి వెనక హుక్కులు తీయాలా? ముందు హుక్కులే పెట్టి, దోరీ ఉత్తినే అందానికి వెనక కట్టుకునేలా ఇచ్చా. దాని మీద కాస్త అలిగింది, ఏమనలేదు.

ఇక భుజం. తన భుజం తను కొలుచుకోవడం అయ్యే పని కాదు, చెయ్యి పైకెత్తగానే ఎముక జరిగిపోద్ది. మొదట పంపిన 16 అర ఎలా వచ్చిందంటే జబ్బ ఉబ్బు మీద నుంచి మొదలుపెట్టి ఆ చివర జబ్బ దాకా లాగింది. భుజం అంటే వెనక నుంచి ఈ ఎముక చివర నుంచి ఆ ఎముక చివరకి, మెడ వెనక ఎత్తుగా తగిలే పూస మీదుగా. వేలితో నొక్కుతూ భుజం మీద బయటకి వెళ్తే ఒక చోట ఎముక అయిపోయి మెత్తగా దిగుద్ది, అక్కడే ఆపాలి. వాళ్ళాయనతో అదే చేయించాం, పాపం రెండుసార్లు తప్పు చోట పెట్టి మూడోసారికి దొరకబుచ్చుకున్నాడు, 14 పావు. నమ్మకం కోసం ఒంటికి బాగా పట్టే కాటన్ చుడీదార్ టాప్ ఒకటి నేల మీద పరిచి చేతి కుట్టు నుంచి చేతి కుట్టు దాకా టేపు పెట్టి ఫొటో పంపమన్నా, అది 14 అర ఉంది. సరిపోయింది. సాగే గుడ్డ టాపులు, టీషర్టులు దీనికి పనికిరావు, వాటి భుజం ఎక్కడో ఉంటది. ఆన్‌లైన్ జాకెట్టు జారిపోడానికి కారణం అప్పుడు తెలిసింది ఆమెకి, 16 అర భుజానికి చెయ్యి కుడితే ఆ కుట్టు జబ్బ మీదకి వచ్చి పడుద్ది, చంకేమో 14, పట్టేయక ఏం చేస్తది. "అయితే వాళ్ళ తప్పు లేదా అక్కా" అంది. నంబర్లు అలా వస్తే ఫోన్ చేసి అడగాలి కదమ్మా, అడగలేదుగా అన్నా.

చంక రౌండుకి చెయ్యి నడుము మీద పెట్టుకుని నిలబడమన్నా, భుజం ఎముక మీద నుంచి చంక కింద నుంచి తిప్పి మళ్ళీ ఎముక దగ్గరకి, లోపల ఒక వేలు. 16 అర. జబ్బ కొలతప్పుడు ఏ చెయ్యి కొలిచావు అని తప్పకుండా అడుగుతా, కుడిచేత్తో టేపు పట్టుకుంటారు కాబట్టి ఎవరైనా ఎడమ చెయ్యే కొలిచి పంపుతారు. కుడిచేతి వాటం వాళ్ళకి కుడి జబ్బ కొంచెం పెద్దగా ఉండొచ్చు. ఈమెకి ఎడమ 11 ముప్పావు, కుడి 12 పావు. మోచేతి దాకా చేతులు కాబట్టి చివర రౌండు మోచెయ్యి మడిచి కొలవాలి, చాచినప్పుడు 10, మడిస్తే 10 ముప్పావు. చాచి కొలిచిన చేతుల్తో పీటల మీద కూర్చుని అక్షింతలు వేయడం కుదరదు, పట్టు సాగదు.

మెడ సంగతి తొందరగానే తేలింది. నాలుగు అని రాసింది గొంతు గుంట దగ్గర్నుంచి కిందకి. మేం మెడ లోతు భుజం మీద మెడ పక్క నుంచి నిలువుగా చూస్తాం. అలా కొలిస్తే 7. వెనక మెడ 9 మాత్రం భుజం నుంచే కొలిచింది, ఎందుకో తెలీదు, ఆన్‌లైన్‌లో బొమ్మ చూసిందంట. డాట్ పాయింటు అదే మెడ పక్క నుంచి చెస్ట్ మొన దాకా 10 అర, మొనకీ మొనకీ మధ్య 8.

ఇన్ని తీసినా పట్టు ముక్క మీద కత్తెర పెట్టలేదు. కంచిపట్టు చీరలో జాకెట్టు ముక్క 80 సెంటీమీటర్లే వచ్చింది, ఈ సైజుకి మోచేతి చేతులు బోర్డరుతో తీస్తే ఇంకేం మిగలదు, తేడా వస్తే ఇంకో ముక్క ఎక్కడ తెస్తాం. కోరా గుడ్డతో ట్రయల్ జాకెట్టు ఒకటి పెద్ద కుట్లతో కచ్చా కుట్టి కొరియర్లో పంపా. దానికి ముందు ఇంకో మాట. ఫోన్లో "చంక మాత్రం లూజుగా ఉంచు అక్కా, నాకు పట్టేస్తే ఊపిరాడదు" అని ఒకటే పోరు. ట్రయల్లో ఆమె అడిగినట్టే అరించి కిందకి దించి కుట్టా, వేసుకుని చూస్తే తనకే తెలుస్తుందని.

వేసుకున్నాక అద్దం ముందు నిలబడి చూసి బావుంది అనేస్తే లెక్కలోకి రాదని ముందే చెప్పా. బాబుని ఎత్తుకో, చెయ్యి పైకెత్తి అటక మీద డబ్బా తీసినట్టు చెయ్యి, నేల మీద కూర్చుని లే, అప్పుడు ఫోన్ చెయ్యి. చేసింది. చెయ్యెత్తితే జాకెట్టు మొత్తం ఇంచి పైకి లేచిపోతోందక్కా అంది. చంక కిందకి దిగిందంటే చెయ్యి, పక్కలు కలిసి ఒకటే ముక్కైపోతాయి, చెయ్యి లేస్తే పక్కలు కూడా లేస్తాయి. చంక పైకి, ఒంటికి దగ్గరగా ఉంటే చెయ్యి విడిగా కదులుద్ది. పైకి వెళ్ళిన చంక పట్టేయకుండా ముందువైపు పావు ఇంచి లోపలికి గుండ్రంగా తీయాలి, పట్టేసేది అక్కడే. మొత్తం చంక పెద్దది చేయమని అడిగే కస్టమర్లకి ఇది చెప్తే నమ్మరు, ట్రయల్ వేసి చూపిస్తే తప్ప.

ఆ ట్రయల్ మీద ఇంకో రెండు గుర్తులు పెట్టింది, పెన్నుతో గీతలు, పిన్నీసులు. వెనక మెడ 9తో భుజం పట్టీలు బయటకి జరుగుతున్నాయంది, మెడ వెడల్పు రెండువైపులా పావు పావు తగ్గించా, లోతు అలాగే ఉంచా, అందానికని పెట్టిన దోరీ కూడా అక్కడ పనికొచ్చింది. రెండోది డాట్ మొన దగ్గర గుడ్డ కోసుగా నిలబడింది. మొన దాకా డాట్ కుట్టకూడదు, ముప్పావు ఇంచి ముందే ఆపేయాలి, కచ్చాలో గుడ్డ గట్టిది కాబట్టి ఇంకా ఎక్కువ కనిపించింది. ట్రయల్ తిరిగొచ్చాక దిద్దుకుని అదే ఆది జాకెట్టు కింద పెట్టుకున్నా.

లైనింగ్ గుడ్డ రాత్రంతా నీళ్ళల్లో నానబెట్టి ఆరేసి ఇస్త్రీ చేశాకే కోశా, కాటన్ లైనింగ్ మొదటి ఉతుకుకి కుంచించుకుపోతే పైన పట్టు ముడతలు పడుద్ది, అప్పుడు కొలతల తప్పంటారు. మధ్యలో వాళ్ళమ్మ అల్లుడికి పొందూరు ఖద్దరు లాల్చీ గుడ్డ కూడా తెచ్చి పడేసింది. మగాళ్ళవి మా ఆయన చూస్తాడు. పొందూరు ఖద్దరు అంటే వాలుగ చేప దవడతో దూది ఏకి చేత్తో వడికిన నూలు, అది కూడా తడిపి ఆరబెట్టాకే కత్తెర. అల్లుడు కొలతలు పంపింది జేబులో ఫోను పెట్టుకున్న చొక్కా మీద. ఆయనకి సరిపోయే చొక్కా ఒకటి పరిచి చంక కింద అడ్డంగా కొలిచి రెట్టింపు చేసి పంపమన్నాం, లాల్చీ వదులుగా ఉండేది కాబట్టి దాంతో పనైపోయింది. జాకెట్టుకి అది చాలదు.

పెళ్ళికి రెండ్రోజుల ముందు బాబుని చంకనేసుకుని షాపుకే వచ్చింది. పట్టువి రెండూ వేసుకున్నవి వేసుకున్నట్టే సరిపోయాయి. ఉప్పాడది కుడి చెయ్యి దగ్గర కూడా ఇబ్బంది లేదు, కుడిచేతి కొలతకే రెండు చేతులూ కుట్టా కాబట్టి. కాటన్ది మాత్రం నడుము దగ్గర ముప్పావు లూజు తేలింది. కొలతలు తీసిన తర్వాత బాబు పాకడం మొదలెట్టాడు, వాడి వెనకాల పరిగెత్తీ పరిగెత్తీ కింద తగ్గింది. మిగతా మూడూ లైనింగ్ మందం మీద లూజు తెలియలేదు గానీ కాటన్‌కి లైనింగ్ లేదు. అక్కడే కూర్చోబెట్టి కింది రెండు హుక్కులు లోపలికి జరిపి ఇచ్చేశా.

అన్నిటికీ పక్కల్లో ఇంచి ఇంచి మార్జిన్ వదిలా. బాబు పాలు మానేశాక ఒక రెండు మూడు నెలలు ఆగి, ఒళ్ళు కుదురుకున్నాక మళ్ళీ నాడా కట్టి చెస్ట్, నాడా రౌండు, డాట్ పాయింటు, ఈ మూడూ కొలిచి పంపమన్నా, భుజం మళ్ళీ కొలవక్కర్లేదు. ఆ కచ్చా జాకెట్టు లోపల పట్టీ మీద కొలతలూ తేదీ రాసి ఇచ్చా, వాళ్ళమ్మ దాన్ని బొబ్బిలి తీసుకెళ్ళి బీరువాలో పెట్టింది, ఇప్పుడు ఆవిడకి కూడా అలాంటిదే ఒకటి కావాలట.